ఒక్క తొట్టి, నాలుగు పిడకలు

డిసెంబరు ముప్పై ఒకటిన నాంపల్లి వీధుల్లో జనమంతా కేకు డబ్బాలు ఒంగిపోకుండా పట్టుకుని ఇళ్ళకు పోతుంటే, మనస్విని మాత్రం విత్తనాల ప్యాకెట్లు గుండెలకు హత్తుకుని మెట్లెక్కింది. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. పుట్టి పెరిగింది ఉస్మాన్‌గంజ్‌లో, ధనియాలూ మిరపకాయలూ టోకున అమ్మే బాలకిషన్ ఇంట్లో. ఇప్పుడు బషీర్‌బాగ్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. ఇంతవరకు ఆమె పెంచిన మొక్క ఏదైనా ఉందా అంటే, చిన్నప్పుడు తడి దూదిలో పెట్టిన పెసరగింజ ఒక్కటే. అదీ కుళ్ళిపోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడని ఊరికే అన్నారా? వారం రోజులుగా ఆ పిల్ల నోట టమాటా, బెండ, వంకాయ తప్ప వేరే మాట లేదు.

ఈ సంబరానికంతటికీ మూలం మేడ మీది సిమెంటు తొట్టి. ఇంటి ఓనరు వామన్‌రావు రిటైరైన గుమాస్తా. ఆయన ప్రాణం ఒంట్లో కన్నా మేడ గచ్చులోనే ఎక్కువ ఉంటుంది. మట్టి పోస్తే చెమ్మ దిగుతుందని, చెమ్మ దిగితే కప్పు పెచ్చులూడుతుందని ఆయన భయం. మనస్విని వెంటపడి వెంటపడి, ఆయన భార్య చేత కూడా చెప్పించి, చివరికి ఒప్పించింది.

“ముందు ఒక్క తొట్టి పెట్టుకోండమ్మా. ఉగాది దాకా చూస్తా. చెమ్మ రాకుంటే అప్పుడు మాట్లాడుకుందాం” అన్నాడాయన.

ఒక్క తొట్టి అంటే ఒక్క పంటే. మరి ఏ పంట? అక్కడే పడింది పేచీ.

మామూలుగా అయితే ఏదో ఒకటి వేసి ఊరుకునేవాళ్ళు. కానీ అత్త పూలమ్మ ఒక మాట అనేసింది. “మా ఇంట్ల కొత్త ఏడాదిల మొదటి గింజ కొత్త కోడలే వెడ్తది. ఏం గింజ వెట్టాల్నో గామెనే చెప్పాలె. గది మొలిస్తెనే ఆమె చెయ్యి మా ఇంటిదైనట్టు. ఊర్ల ఉగాదికి వెడుతుంటిమి. పట్నంల ఏడాది జనవరికే మొదలైతది గద, రేపు పొద్దుగాల వెట్టు” అంది. సొర, బీర వంటి పాదులు పెట్టేది కూడా ఆ దినాల్లోనే కాబట్టి ఆమె లెక్క ఆమెకుంది.

పూలమ్మ పట్నం వచ్చి రెండేళ్ళు. సిద్దిపేట వైపు ఊళ్ళో ఉన్న కాస్త పొలం పెద్ద రోడ్డు కింద పోయాక, కొడుకు భూపాల్ దగ్గరికి వచ్చేసింది. భూపాల్ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో పని చేస్తాడు. ఆమె ఖాళీగా కూర్చునే మనిషి కాదు. దగ్గర్లో ఒక క్యాటరింగ్ వాళ్ళ వంటశాలలో కూరగాయలు తరుగుతుంది. ఆమె కత్తిపీట పదునా, నోరు పదునా అని అక్కడి వాళ్ళు పందేలు వేసుకుంటారట. పొలం పోయిన రోజు కూడా ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదని భూపాల్ చెబుతుంటాడు.

ప్యాకెట్లన్నీ మంచం మీద పరిచింది మనస్విని. పైన నిగనిగలాడే బొమ్మలు. పొద్దున టమాటా అనుకుంది, మధ్యాహ్నానికి బెండ మీదికి మనసు పోయింది, ఇప్పుడు తెల్ల వంకాయ పిలుస్తోంది.

“టమాటా వెయ్ మనూ. రోజూ పప్పులకు పనికొస్తది” అన్నాడు భూపాల్. అతని ఆలోచన ఎప్పుడూ పప్పు గిన్నె దాటిపోదు.

“మెంతికూర వెయ్యండమ్మా. వేరు లోతుకు పోదు” అన్నాడు గుమ్మంలోంచి వామన్‌రావు. ఆయన ఆలోచన గచ్చు దాటదు.

పూలమ్మ ఒక ప్యాకెట్ తీసి వెలుతురుకు పట్టి చూసింది. “బొమ్మలైతే మంచిగున్నయ్ బిడ్డా. లోపల గింజలున్నయో, ఉత్త రంగే ఉన్నదో” అంది.

“నువ్వే చెప్పు అత్తమ్మా, ఏది ముందు వెయ్యను?”

“రేపు పొద్దుగాల చెప్త. ఇంకో ముచ్చట గూడ ఉన్నది. గింజ ముచ్చట ముందుగాల చెప్తే గింజ అలుగుతది.” ముసిముసిగా నవ్వి, కొంగు దోపుకుని పనికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి వంటశాలలో పెద్ద ఆర్డరుంది.

ఆమె అటు వెళ్ళిందో లేదో, అబిడ్స్‌లో పూజ సామాన్లు కొనుక్కుని మనస్విని తల్లి నళిని వచ్చింది. ప్రతి జనవరి ఒకటిన బాలకిషన్ దుకాణంలో గణపతి హోమం చేయిస్తాడు. ఆ ఏర్పాట్లతో నళిని అలిసిపోయి ఉంది.

“పిడకలని అమ్ముతున్నారు, చూడవే. బిస్కెట్ల లెక్క ఉన్నాయి, పైన ప్లాస్టిక్ కాయితం! హోమంలో వేస్తే మంట కన్నా పొగ ఎక్కువ” అని వాపోయింది.

మనస్విని కళ్ళు మెరిశాయి. మేడ మీద మెట్లగదిలో, మేకుకు ఒక గోనెసంచి వేలాడుతోంది. అందులో నాలుగు పెద్ద పిడకలు ఉండడం ఆమె చూసింది. దళసరిగా, ఎండి గట్టిపడి, అసలు సిసలు ఊరి పిడకలు. పరుగెత్తుకెళ్ళి తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది.

“అయ్యో, మీ అత్తగారు దాచుకున్నట్టున్నారు. జర అడిగి ఇవ్వరాదూ?” అంది నళిని. అంటూనే ఒకటి చేతిలోకి తీసుకుని మురిసిపోయింది.

“అత్తమ్మ ఏమనుకోదులే అమ్మా. గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో పిడకలతో పనేముంది? దేవుడి పనికంటే సంతోషపడుతుంది” అని భరోసా ఇచ్చి సాగనంపింది మనస్విని. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఈ ఇంట్లో అల్లుడి కష్టం కూడా లేకుండా కోడలే చేసేసింది.

తెల్లవారింది. కొత్త ఏడాది మొదటి పొద్దు, పైగా ఆదివారం. మనస్విని తలంటుకుని, పట్టుచీర కట్టి, మేడ మీద తొట్టి ముందు ముగ్గు కూడా పెట్టింది. మట్టిలో ఎరువు కలిపి, ముద్దలు చిదిపి, నీళ్ళు చల్లి తయారుగా ఉంచింది. వంకాయ అని దాదాపు తీర్మానించుకుంది కూడా. అప్పుడు మెట్లగదిలోంచి పూలమ్మ ఖాళీ సంచి పట్టుకుని వచ్చింది.

“బిడ్డా, ఈ సంచిల పిడకలెక్కడ వోయినయ్?”

“అమ్మకిచ్చాను అత్తమ్మా, హోమానికి. మంచి పిడకలని ఎంత…” మాట మధ్యలో ఆగిపోయింది. పూలమ్మ మొహంలో రంగు పోవడం ఆమె కళ్ళారా చూసింది.

“గవి పిడకలు గావు బిడ్డా” అంది పూలమ్మ, మెట్టు మీద కూలబడి. “విత్తనాలు. పచ్చి పేడల గింజలు కలిపి, పిడక లెక్క తట్టి ఎండవెడ్తం. పురుగు ముట్టది. ఒకదాంట్ల సొర, ఒకదాంట్ల బీర, ఒకదాంట్ల దోస, ఒకదాంట్ల గుమ్మడి. మా పొలంల ఆఖరి కాపుయి. ఊర్ల అందరి పొలాలు ఒక్కపారే పాయె. ఇంకెవలకాడ లేవు. పొద్దుగాల నీ చేతుల వెట్టి, గా గింజలకెల్లి నువ్వు ఏది కోరుకుంటే గది వెడ్దామనుకున్న.”

మనస్వినికి సిగ్గు, భయం, తన మీద తనకే కోపం, అన్నీ ఒక్కసారి తన్నుకొచ్చాయి. తల్లికి ఫోన్ చేసింది. స్విచాఫ్. తండ్రికి చేసింది. అదీ అంతే. హోమం దగ్గర ఫోన్లు మోగకూడదని బాలకిషన్ అందరి ఫోన్లూ కట్టేయిస్తాడు.

“అత్తమ్మా, ఎనిమిదింటికి గానీ మొదలుపెట్టరు. లే! ఇంకా టైముంది, లే!”

మరు నిమిషంలో పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మనస్విని స్కూటీ మీద ఉంది. వెనక, ఎన్నడూ స్కూటీ ఎక్కని పూలమ్మ కోడలి నడుము రెండు చేతులా పట్టుకుని ఉంది. పైన బాల్కనీలో భూపాల్ బ్రష్షు నోట్లో పెట్టుకుని ఏమైందేమైందని సైగలు చేస్తూనే ఉన్నాడు. జవాబు చెప్పే తీరిక ఎవరికి?

స్టేషన్ రోడ్డు దాకా బండి బాణంలా పోయింది. అబిడ్స్‌కొచ్చేసరికి ఆదివారం పాత పుస్తకాల వాళ్ళు అడ్డం. ఫుట్‌పాత్ చాలక కొందరు రోడ్డు అంచు దాకా పుస్తకాలు పరిచారు. ఒక ఆటో నిలబడి మూటలు దింపుతోంది. దాని వెనక సిటీ బస్సు. మనస్విని హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎవరూ కదలలేదు. హైదరాబాద్‌లో హారన్‌కు ఎవరు కదిలారు గనక?

వెనక నుంచి పూలమ్మ లేచి నిలబడ్డంత పని చేసింది. “జరుగున్రి! జర తొవ్వియ్యున్రి! పానం మీదికొచ్చింది!”

“దవాఖానకా అమ్మా?” అని అడిగాడు ఆటో అతను కంగారుగా.

“ఔ!” అంది పూలమ్మ కన్నార్పకుండా.

అంతే, ఆటో వెనక్కి జరిగింది. పుస్తకాల వాళ్ళు చకచకా దొంతరలు పక్కకు లాగారు. ఒకతను బస్సుకు అడ్డం నిలబడి మరీ దారి ఇచ్చాడు. స్కూటీ ఆ సందులోంచి దూసుకుపోతుంటే, ఇంత గాభరాలోనూ మనస్వినికి నవ్వొచ్చింది.

“అబద్ధం చెప్పావు అత్తమ్మా!”

“అబద్ధమేంది? పానం మీదికి రాలేదా? నువ్వు ముంగట జూస్తా తోలు!”

ఉస్మాన్‌గంజ్ చేరేసరికి దుకాణంలోంచి మంత్రాలు వినిపిస్తున్నాయి. మంచి పని ఆలస్యం కాకూడదని బాలకిషన్ ఆ ఏడు ముందే మొదలుపెట్టించాడు. మనస్విని బండి ఎక్కడ పడేసిందో కూడా చూడలేదు. లోపలికి ఉరికింది. మిరపకాయల బస్తాల మధ్య హోమగుండం భగభగ మండుతోంది. మంటలోంచి చిటపటమని చప్పుళ్ళు. చేతులు జోడించి కూర్చున్న నళిని కళ్ళు ఆనందంతో తడిశాయి.

“చూడండి, ఎన్నడూ లేదు, దేవుడు మాట్లాడుతున్నట్టుంది” అంటోంది భర్తతో.

దేవుడు కాదు, గింజలు. పేలిపోతున్న సొరగింజలో, గుమ్మడిగింజలో. పూలమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. ఆ చప్పుడు ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

శ్రీపతి పంతులు ఆఖరి పిడకను రెండు ముక్కలు చేసి, ఒక ముక్క గుండం మీదికి చాచాడు.

“పంతులుగారూ, ఆగండి!” మనస్విని అరుపుకు దుకాణం మొత్తం ఉలిక్కిపడింది. ఒక్క గెంతులో వెళ్ళి ఆయన చేతిలో ముక్క లాక్కుంది, పీట మీదున్న రెండో ముక్కను ఒడిలో వేసుకుంది. పట్టుచీర అంచుకు నిప్పురవ్వ తగిలి చిన్న చిల్లు పడింది.

“ఏంది మనూ ఇది! ఏడాది మొదటి రోజు, హోమం మధ్యలో! బుద్ధుందా?” బాలకిషన్ లేచి నిలబడ్డాడు. ఆయన మొహం దుకాణంలోని మిరపకాయల రంగుకొచ్చింది.

“ఇందులో విత్తనాలున్నాయి నాన్నా! అత్తమ్మ పొలంలోవి! ఆఖరివి! తెలియక నేనే ఇచ్చేశాను. అమ్మ తప్పేం లేదు, నేనే…” అంటూ బావురుమంది.

మంత్రం ఆగింది. మంట మాత్రం చిటపటలాడుతూనే ఉంది. నళిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోపంగా లేచిన బాలకిషన్‌కు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. ఏళ్ళ తరబడి గింజల వ్యాపారంలో ఉన్న మనిషి, తన ముందు కాలుతున్నవేమిటో అప్పుడు గుర్తుపట్టాడు.

“తీసుకోమ్మా” అన్నాడు శ్రీపతి పంతులు. “మూడు గణపతికి చెల్లాయి. చాలు, ఇది మీ ఇంటికి.”

“వదినా, నన్ను క్షమించు” అని నళిని గడప దగ్గరికి వచ్చి పూలమ్మ చేతులు పట్టుకుంది.

“ఊకో వదినె. దేవునికే గద వోయింది” అంది పూలమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చూపు మాత్రం గుండం మీంచి కదల్లేదు. తర్వాత నెమ్మదిగా కోడలి చేతిలో ముక్క తీసుకుని దాని అంచు అరచేతిలో నలిపింది. పేడ పొడిలోంచి నల్లటి చదును గింజలు బయటపడ్డాయి. “బీర” అంది.

ఇంటికి తిరిగొచ్చాక అందరూ మేడ మీద చేరారు. రెండు ముక్కల్లోంచి గింజలన్నీ ఒలిచి పళ్ళెంలో పోశారు. తాలుగింజలు ఏరి పారేస్తే, నిండుగా ఉన్నవి పిడికెడు కూడా లేవు. పక్కన రంగురంగుల ప్యాకెట్లు. ఎదురుగా ఒక్క తొట్టి.

“ముందు టమాటా వెయ్ మనూ” అన్నాడు భూపాల్. ఈసారి పప్పు కోసం కాదు, నిజంగా ఆలోచించే అన్నాడు. “కొత్త మట్టి, కొత్త జాగ. అది మంచిగ మొలిస్తె, అప్పుడు బీర వెడ్దాం. ఇవి పోతే మళ్ళ రావు.”

“అబ్బాయి చెప్పింది సబబుగా ఉందమ్మా” అన్నాడు వామన్‌రావు.

లెక్కల టీచరుకు ఆ లెక్క నచ్చాల్సిందే. నచ్చింది కూడా. టమాటా ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది. పాడైతే టమాటా పాడవుతుంది, తన చెయ్యి మంచిదో కాదో కూడా తేలిపోతుంది. తెలియక చేసింది ఒక తప్పు. తెలిసి ఇంకొకటి చేస్తే అత్త మొహం ఎలా చూడాలి?

“అత్తమ్మా, నువ్వే పెట్టు. నా చేతికి భయమేస్తోంది” అంది.

“నేను వెట్ట. మొదటి గింజ నీది. ఏది వెట్టాల్నో నువ్వే చెప్పు.”

“ఈ బీర ఇంకో ఏడాది ఆగుతుందా?”

పూలమ్మ ఒక గింజను గోటితో నొక్కి చూసింది. “పోయిన ఏడే వెట్టేదుండె. జాగ లేకపాయె. ఈ యేడు గూడ వెట్టకుంటే ఇగ మొలవది. అసలిప్పుడు మొలుస్తదో లేదో గదే తెల్వది.”

మనస్విని టమాటా ప్యాకెట్ కింద పెట్టేసింది. “టమాటా వచ్చే నెలలోనైనా దొరుకుతుంది, వచ్చే ఏడైనా దొరుకుతుంది. దీనికి టైము లేదు. ఇదే ముందు” అంది. భూపాల్ తల్లి మొహం చూసి, టమాటా ప్యాకెట్ పక్కకు తీసి పెట్టాడు. ఆ మొహంలో పొద్దున పోయిన రంగు తిరిగొస్తోంది.

వేలితో గుంత చేసి, గింజ కొన కిందికి ఉండేలా పెట్టి, పైన మట్టి కప్పింది. ఒక్కో గింజకు ఊపిరి బిగబట్టింది. అన్నీ పెట్టి లేచేసరికి చెమటలు పట్టాయి, జనవరి చలిలో.

ఇక అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ ఒక్కచోట కాలు నిలవలేదు. చీకటుండగానే మనస్విని ఫోన్ లైటుతో మేడెక్కేది. బడిలో హాజరు పిలుస్తున్నా ధ్యాసంతా తొట్టి మీదే. పక్కనే నుమాయిష్, అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్, మొదలై ఊరంతా నాంపల్లికి వచ్చి పడుతుంటే, నాంపల్లిలో ఉన్న ఈ మనుషులు ఆ గేటు మొహం చూడలేదు. నళిని రోజూ ఫోన్ చేసి, హలో కూడా అనకుండా “మొలిచిందా?” అనేది. వామన్‌రావు చెమ్మ చూసే నెపంతో పైకొచ్చి, చెమ్మ సంగతి మరిచిపోయి తొట్టిలోకి తొంగి చూసేవాడు.

రోజులు గడిచాయి. మట్టి మట్టిగానే ఉంది. ఒకరోజు ఆగలేక మనస్విని పుల్లతో కొంచెం గెలకబోతే, పూలమ్మ చేతి మీద ఒక్కటేసింది.

“పొద్దుకోసారి తోడి చూస్తే మొలుస్తదా? నకరాలు జేయకు. చలి గద, ఆల్సెమైతది.”

పైకి అలా అందే గానీ, అర్ధరాత్రి తొట్టి మీద పాత దుప్పటి కప్పి వచ్చేది ఆమే. కోడలికి తెలియదనుకుంది. తెలుసు. కోడలు ఆ దుప్పటి మీద ఇంకో దుప్పటి కప్పి వచ్చేది.

ఒక పొద్దున దుప్పట్లు తీసేసరికి మట్టి ఒకచోట నెర్రె విచ్చి ఉంది. మనస్విని మోకాళ్ళ మీద కూలబడింది. నెర్రెలోంచి లేతాకుపచ్చ మెడ ఒకటి ఒంగి పైకొస్తోంది. నెత్తిన నల్ల గింజ పెంకు టోపీలా అలాగే ఉంది. పక్కన ఇంకొకటి. అటు మూల మట్టిని ఎత్తి పట్టుకుని మరొకటి.

“అత్తమ్మా! అత్తమ్మా! భూపాల్! వచ్చేసింది! వామన్‌రావు సార్, వచ్చేసింది!” ఆ కేకకు కింది అంతస్తుల్లో లైట్లు వెలిగాయి.

పూలమ్మ చెప్పుల్లేకుండా పరుగున వచ్చింది. ఒంగి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆమె కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారిపోయాయి. తుడుచుకోలేదు. భూపాల్ బిత్తరపోయి నిలబడ్డాడు. తల్లిని అలా చూడడం అతనికి అదే మొదటిసారి.

మనస్విని ఆ పెంకు టోపీ తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. “ముట్టకు. గదే ఇడుస్తది.” తర్వాత కొడుకు చేతిలో ఫోన్ లాక్కుని, ఊళ్ళో ఒకప్పుడు తమ పొలం పక్కనే పొలం ఉన్న భాగ్యకు కలపమంది. ఆ పొద్దున ఆ గొంతు వినడానికి అవతల మనిషికి ఫోన్ అవసరం కూడా లేకపోయింది.

“భాగ్యా! నేనే, పూలమ్మను. మన బీర మొలిచిందే! ఔ, మన బీరే! ఎండకాలంల కాయ ముదురంగనే గింజలిస్త, నీకు, కిష్టవ్వకు, అందరికి. సంచి వట్టుకొని రా… ఆఁ? ఎవలు వెట్టిన్రంటే? ఇంకెవలు? మా కోడలు! మా కోడలి చెయ్యే!”

మనస్విని తొట్టి పక్కనే, మట్టి చేతులతో, అలాగే కూర్చుండిపోయింది. ఆ రోజు బడికి మొదటి పీరియడ్ దాటాక వెళ్ళింది.